సవరణ: గిట్ సంతకానికి పుష్ కీ ఒక్కటే చాలదు

గిట్ అంటే కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం, గిట్‌హబ్ అంటే ఆ కోడ్‌ను ఉంచుకునే సైటు. గిట్‌హబ్‌లో పుష్ కోసం, అంటే కోడ్ పంపడానికి, పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు మనల్ని గుర్తించే డిజిటల్ తాళం) ఉంటే కమిట్లు (నమోదు చేసిన మార్పులు) మనవేనని చూపే సంతకానికి ఇంకేమీ అక్కర్లేదని గత పోస్టులో రాశాను. అది తప్పు. అలా చేసి "అన్‌వెరిఫైడ్" ముద్ర చూసి టెన్షన్ పడినవాళ్లు నన్ను క్షమించాలి.

కీ కొత్తది అక్కర్లేదన్న మాట మాత్రం నిజమే. కానీ గిట్‌హబ్ లాగిన్ కీలనూ సంతకం కీలనూ వేర్వేరుగా చూస్తుంది. అదే పబ్లిక్ కీని (కీలో ఇతరులకు ఇవ్వగల భాగాన్ని) సెట్టింగ్స్‌లో మళ్లీ ఒకసారి, ఈసారి "సైనింగ్ కీ" రకం ఎంచుకుని చేర్చాలి. పుష్ హాయిగా వెళ్లిపోతుంది కాబట్టి తేడా కనిపించదు, నేను బోల్తా పడింది అక్కడే. కమిట్‌లో కమిటర్‌ది (దాన్ని నమోదు చేసినవారిది) అని ఉండే ఈమెయిల్ కూడా ఖాతాలో ధృవీకరించినదే అయ్యుండాలి.

ఇంకోటి. మన కంప్యూటర్లోనే సంతకం సరిచూసుకోవాలంటే గిట్‌కు ఎవరి కీ ఎవరిదో తెలియాలి. ఈమెయిల్, పబ్లిక్ కీ ఒక్కో వరుసలో రాసిన ఫైలు తయారుచేసి, దాని చిరునామాను "అలౌడ్ సైనర్స్ ఫైల్" సెట్టింగ్‌లో ఇవ్వాలి. లేకపోతే సంతకం బాగానే ఉన్నా, లాగ్‌లో (కమిట్ల జాబితాలో) సంతకాలు చూడబోతే ఎర్రర్ వస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ కీతో సంతకం చేసే వీలు గిట్‌లో 2021 నవంబరులో వచ్చిన 2.34 వెర్షన్ నుంచే ఉంది. అంతకన్నా పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి.