కథ కొనకండి, బాకు కొనండి

రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ సైనిక బాకుల మినియేచర్లు అమ్మేవాళ్లు వస్తువు కంటే ముందు కథ చూపిస్తారు. ఫలానా అధికారికి బహుమానంగా ఇచ్చారట, ఫలానా అమెరికన్ సైనికుడు జేబులో వేసుకొచ్చాడట. ఆ ‘అట’లకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వొద్దన్నది మా మాట. జర్మన్ భూసైన్యం అధికారులకు బాకు వచ్చింది 1935లో. దాని పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. మినియేచర్ యూనిఫాంలో భాగం కాదు, పతకమూ కాదు. జోలింగెన్ పట్టణపు కత్తుల కంపెనీలు తమ పనితనం చూపించుకోవడానికి, కానుకలివ్వడానికి, బల్ల మీద ఉత్తరాలు చించుకోవడానికి చేసిన చిన్న రూపం అది. చాలావరకు 20–25 సెంటీమీటర్లు ఉంటుంది.

యుద్ధం ముగిశాక, ముఖ్యంగా 1960లలో, జోలింగెన్‌లో మిగిలిపోయిన విడిభాగాలను బిగించి అమ్మినవాళ్లున్నారు. అంటే అలుగు (బాకు కోసే భాగం) పాతదే, స్వస్తిక్‌ను కాళ్లతో పట్టుకున్న నాజీ చిహ్నపు గద్ద పాతదే, బాకు మాత్రం కొత్తది! ఆ తర్వాత వచ్చిన పోత నకళ్లకు లెక్కే లేదు.

ముందు పదిరెట్ల భూతద్దంతో క్రాస్‌గార్డ్ (పిడికీ అలుగుకూ మధ్య ఉండే అడ్డపట్టీ) మీది గద్దను చూడండి. మంచి పనిలో ఈకల గీతలు అంచుల దాకా పదునుగా సాగుతాయి. నకలులో అవే గీతలు కరిగిన సబ్బు మీద గీసినట్టు మెత్తబడి, సందుల్లో ఇసుక రేణువులంత గుంటలు కనిపిస్తాయి. అసలుదాని నుంచి అచ్చు తీసి పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది, కాబట్టి నకలు కొలతలో కాస్త తగ్గుతుంది. అందుకే వెర్నియర్ కాలిపర్స్ లేకుండా బేరానికి కూర్చోవద్దు. అదే కంపెనీ ముద్ర ఉన్న నమ్మకమైన ముక్క కొలతలు పక్కన పెట్టుకోండి.

పిడి సెల్యులాయిడ్ అని చెబితే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన రావచ్చు. కాల్చిన సూది గుచ్చి చూడమనే సలహా మాత్రం వినొద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, చేయి కాలడం ఖాయం. పిడికి కట్టిన కుచ్చు తాడు మీద అతినీలలోహిత టార్చి వేయండి. నీలంగా, తెల్లగా మెరిసిపోతే అది యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన మెరుపు రసాయనాలతో చేసిన దారమని అనుమానించండి. పామెల్ (పిడి చివర మరతో బిగించే ముక్క) తిప్పాలనిపిస్తే వేళ్లతోనే తిప్పండి. పట్టకారు వేస్తే లోహం గాటుపడుతుంది, పిడి పగులుతుంది, ధరా పోతుంది. అలుగు మీద అంకితం చెక్కి ఉంటే రెండింతలు అనుమానించాలి. పాత గీతలను తెగ్గోస్తూ పోయిన అక్షరం, అడుగున తళతళలాడే గాడి, రెండూ నిన్నటి పనికి గుర్తులే.

ఇంటికి వచ్చాక మనవాళ్లు చేసే తప్పు ఇత్తడి దీపాన్ని తోమినట్టు తోమడం. చింతపండుతో తోమితే వెండిపూత అరిగిపోతుంది, అది పోయాక అడుగు లోహం బయటపడుతుంది. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకు చెడి దుమ్ము పట్టుకుంటుంది. అలుగుకు పలచగా మినరల్ ఆయిల్ చాలు. సెల్యులాయిడ్ నెమ్మదిగా చెడుతూ ఆమ్ల ఆవిరి వదులుతుంది, దగ్గరున్న లోహానికి ఆకుపచ్చ తుప్పు పట్టేది దానివల్లే. గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకండి. అలుగును ఒరలోంచి తీసి, పక్కపక్కనే విడిగా ఉంచండి.

చట్టం సంగతీ చూసుకోవాలి. జర్మనీ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ ప్రకారం నాజీ చిహ్నాన్ని బహిరంగంగా చూపడం నేరం. చరిత్ర, పరిశోధన, బోధన వంటివాటికి మినహాయింపులున్నాయి. అక్కడి వేలం ఫొటోల్లో చిహ్నం మీద చిన్న అతుకు కనిపించేది అందుకే. ఆస్ట్రేలియాలో 2024 జనవరి 8 నుంచి బహిరంగ ప్రదర్శనతో పాటు వ్యాపారమూ నేరమే. మన స్వస్తిక్‌కు మతపరమైన మినహాయింపు ఉంది, కానీ గద్ద కాళ్ల కిందిది మన గడప మీది గుర్తు కాదు. డ్రాయింగ్ రూమ్ గోడకు వేలాడదీసి ‘మన చిహ్నమే కదా’ అంటే అక్కడి పొరుగువాడు నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. సొరుగులో ఉంచి, పక్కనే ఒక కార్డు పెట్టండి. దాని మీద పొడవు, గ్రాముల్లో బరువు, ముద్ర, కొన్న తేదీ రాసి, రసీదు జతచేయండి.