జనరేటర్‌ను తర్వాత, ముందు కేబుల్‌ను అనుమానించండి

“సిగ్నల్ జనరేటర్ తప్పు చూపిస్తోంది, కాలిబ్రేషన్‌కు పంపాలి” అనే మాట ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) టెస్టింగ్ చేసే ల్యాబుల్లో తరచుగా వినిపిస్తుంది. సిగ్నల్ జనరేటర్ అంటే పరీక్షల కోసం కోరిన ఫ్రీక్వెన్సీలో, కోరిన బలంతో తరంగాన్ని పుట్టించే పరికరం; కాలిబ్రేషన్ అంటే దాని అంకెలను ప్రమాణంతో సరిచూడటం. నేను చూసినంతవరకు, అలా పంపిన పరికరాల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. జనరేటర్ అవుట్‌పుట్ నుంచి కొలిచే పరికరం దాకా ఉండే ఆ మీటరు దూరంలోని కేబుల్, అడాప్టర్, కనెక్టర్లలోనే అసలు గొడవంతా ఉంటుంది. లక్షలు పోసి పరికరం కొన్న సంస్థలు ఆ మీటరు దూరం దగ్గరికి వచ్చేసరికి చూపించే పిసినారితనం మీదే నా కోపం.

జనరేటర్‌నే అనుమానించే ఈ అలవాటు ఇంజినీరింగ్ కాలేజీలోనే మొదలవుతుంది. ఫంక్షన్ జనరేటర్‌లో 1 వోల్టు పెడితే ఆసిల్లోస్కోపు మీద 2 వోల్టులు కనిపిస్తాయి. జనరేటర్ లోపల 50 ఓమ్‌ల నిరోధం ఉంటుందని, ఎదుట కూడా 50 ఓమ్‌ల లోడే ఉందనుకొని అది 1 వోల్టు అని చెబుతుందని, స్కోపు ఇన్‌పుట్ 1 మెగాఓమ్ కాబట్టి వోల్టేజీ సగానికి పడిపోవడం లేదని వివరించడానికి పది నిమిషాలు చాలు. దానికి బదులు “సగం చేసి రికార్డులో రాసుకోండి” అని బ్యాచ్‌ను పంపించేస్తారు. అలాగే 100 మెగాహెర్ట్జ్ స్కోపు మీద 50 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పెట్టి, అంచులు గుండ్రంగా వస్తున్నాయని జనరేటర్‌నే నిందిస్తారు. ఆ తరంగపు మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం) 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని సరిగా చూపించే శక్తి ఆ స్కోపుకే లేదు.

కాలేజీ బెంచీ మీద ఇవన్నీ మార్కులతో పోతాయి, గిగాహెర్ట్జ్‌లలో పోవు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం గాలిలో 3 సెంటీమీటర్లు, టెఫ్లాన్ కేబుల్‌లో సుమారు 2 సెంటీమీటర్లు మాత్రమే. అంటే గోటి పొడవున్న అడాప్టర్ కూడా అక్కడ సర్క్యూట్‌లో ఒక భాగమే. జనరేటర్ వైపూ లోడు వైపూ వీఎస్‌డబ్ల్యూఆర్ (తరంగం ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే అంకె, 1 అంటే అసలు తిరగదు) 1.5 ఉంటే, వెనక్కి వచ్చిన తరంగం మళ్లీ ముందుకు పోయి అసలు తరంగంతో కలుస్తుంది. ఆ రెండింటి ఫేజ్, అంటే వాటి ఎత్తుపల్లాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో, మనకు తెలియదు కాబట్టి, కొలిచిన పవర్ సుమారు 0.35 డెసిబెల్ ఎక్కువైనా చూపవచ్చు, తక్కువైనా చూపవచ్చు. దారిలో ఒక మంచి 10 డెసిబెల్ అటెన్యూయేటర్ (సిగ్నల్ బలాన్ని తెలిసిన మేరకు తగ్గించే భాగం) పెడితే, తిరిగి వచ్చే తరంగం దాని గుండా రెండుసార్లు పోవాల్సి రావడంతో 20 డెసిబెల్ నీరసిస్తుంది. కానీ “సిగ్నల్ తగ్గిపోతుంది కదా సార్” అంటూ దాన్ని సొరుగులోనే ఉంచేస్తారు.

కనెక్టర్ల సంగతి మరీ దారుణం. మామూలు ఎస్‌ఎంఏ రకం కనెక్టర్‌లో (నట్టుతో బిగించే చిన్న కనెక్టర్ ఇది) ఇన్సులేటర్‌గా టెఫ్లాన్ ఉంటుంది, అది సాధారణంగా 18 గిగాహెర్ట్జ్ వరకు పనికొస్తుంది. గాలే ఇన్సులేటర్‌గా ఉండే 3.5 మిల్లీమీటర్ల కనెక్టర్ 26.5 వరకు, 2.92 మిల్లీమీటర్లది 40 వరకు పోతాయి. ఈ మూడూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, చిక్కంతా అక్కడే వచ్చింది. మధ్య పిన్ను కొంచెం బయటికి పొడుచుకొచ్చిన చవక ఎస్‌ఎంఏ కేబుల్‌ను తెచ్చి 3.5 మిల్లీమీటర్ల పోర్టుకు బిగిస్తే, లోపలున్న సన్నని కాంటాక్టు వేళ్లు విచ్చుకుపోతాయి. తిప్పాల్సింది నట్టును మాత్రమే. చాలామంది కేబుల్‌నే తిప్పుతారు, పిన్ను లోపల రుద్దుకుంటుంది. అలా వాడిన పోర్టును భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ ఉంగరంలాంటి గీత, అడుగున మెరిసే లోహపు పొడి కనిపిస్తాయి. 3.5 మిల్లీమీటర్ల కనెక్టర్‌కు 0.9 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అందుకు టార్క్ రెంచ్ ఉంటుంది. ప్లయర్‌తో బిగించేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హార్మోనిక్స్ టెస్టు రిపోర్టుల మీద కూడా నాకు నమ్మకం తక్కువే. స్పెక్ట్రమ్ అనలైజర్‌కు (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవర్ ఉందో చూపే పరికరం) ఎక్కువ పవర్ ఇస్తే దాని లోపల ఫ్రీక్వెన్సీని మార్చే మిక్సరే సొంతంగా రెండో హార్మోనిక్‌ను పుట్టిస్తుంది, ఆ పాపం జనరేటర్ ఖాతాలో పడుతుంది. అనలైజర్ ఇన్‌పుట్ అటెన్యుయేషన్‌ను 10 డెసిబెల్ పెంచి చూడండి: తెర మీద హార్మోనిక్ రీడింగ్ మారిందంటే అందులో అనలైజర్ వాటా ఉన్నట్టే. ఒక్క బటన్ నొక్కితే తేలే ఈ సంగతిని రాయని రిపోర్టును నేనైతే వెనక్కి పంపిస్తాను. ఫేజ్ నాయిస్‌దీ (సిగ్నల్ ఫేజ్‌లో వచ్చే చిన్న వణుకు) అదే కథ. అనలైజర్ సొంత నాయిస్ జనరేటర్ కంటే ఎక్కువైతే మనం కొలిచింది అనలైజర్‌నే.

ఇవన్నీ చెబితే “ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ స్టిక్కర్ ఉంది కదా” అంటారు. ఎన్‌ఏబీఎల్ అంటే టెస్టింగ్, కాలిబ్రేషన్ ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ. ఆ సర్టిఫికెట్ విలువైనదే, కానీ అందులోని అంకెలు జనరేటర్ అవుట్‌పుట్ కనెక్టర్ దగ్గర కొలిచినవి. మీ కేబుల్ అవతలి చివర ఏముందో అది చెప్పదు. అయినా కొనుగోలు కాగితంలో జనరేటర్‌కు నాలుగు పేజీల స్పెసిఫికేషన్లు రాసి, చివర “కేబుల్స్ – 2” అని ముగిస్తారు.

బడ్జెట్ లేదన్న వాదనను నేను ఒప్పుకోను. ప్రతి కేబుల్‌కూ ఒక నంబరు వేసి, కొత్తగా వచ్చిన రోజే నెట్‌వర్క్ అనలైజర్ అనే కొలిచే పరికరం మీద దానిలో పోయే సిగ్నల్ నష్టాన్ని, రిఫ్లెక్షన్‌ను (వెనక్కి తిరిగే తరంగాన్ని) కొలిచి గ్రాఫ్ దాచుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి, కొలుస్తూ కేబుల్‌ను కొంచెం వంచండి. తెర మీద గీత కదిలితే ఆ కేబుల్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. ఊరికే పక్కన పెడితే మర్నాడు ఎవరో ఒకరు తెచ్చి మళ్లీ జనరేటర్‌కు తగిలిస్తారు.