పది రోజుల్లో పాప రాత్రంతా పడుకుంటుందట!

మా పాపకు మూడో నెల. రాత్రి మూడుసార్లు లేస్తుందని తెలిసిన దగ్గర్నుంచి హనుమకొండలో ఉన్న చుట్టాలందరూ ఒకటే వాట్సాప్ మెసేజ్ పంపుతున్నారు. "పది రోజుల్లో మీ బిడ్డ రాత్రంతా పడుకుంటుంది" అని హెడ్డింగు. కింద ఐదు చిట్కాలు: బోర్లా పడుకోబెట్టండి, రాత్రికి రాగి జావ పట్టండి, పగలు నిద్రపోనివ్వకండి, ఏడ్చినా ఎత్తుకోకండి, అప్పటికీ పడుకోకపోతే జలుబు మందు రెండు చుక్కలు వేయండి. చివర్లో దండం బొమ్మ, "పది మందికి పంపండి".

అసలు హెడ్డింగే తప్పు. ఈ వయసులో రాత్రి లేవడం జబ్బు కాదు. పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటారు, కాకపోతే ముక్కలు ముక్కలుగా. పొట్ట చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగాలి. పగలేదో రాత్రేదో వాళ్ల ఒంటికి తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది.

బోర్లా పడుకోబెట్టమన్న చిట్కా చూసి నాకు నిజంగా భయం వేసింది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. బోర్లా వేస్తే పిల్లలు గాఢంగానే పడుకుంటారు. ప్రమాదం కూడా అక్కడే. ఊపిరి సరిగా అందనప్పుడు ఉలిక్కిపడి లేవాల్సిన బిడ్డ లేవదు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దఎత్తున ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా పోయే పసివాళ్ల సంఖ్య పదేళ్లలోపే దాదాపు సగానికి తగ్గింది.

"ఎల్లెల్కల పండవెడితే పాలు గొంతుకు అడ్డం పడయా?" అని మా అత్తమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు కిందినుంచి పైకెక్కి గాలిగొట్టంలో పడటం కష్టం. బోర్లా వేస్తే ఈ వరస తిరగబడుతుంది. పాలు పట్టాక భుజం మీద వేసుకుని తేన్పు రానిస్తే చాలు. బోర్లా ఆడించడం మంచిదే, మెలకువగా ఉన్నప్పుడు, మన కళ్లముందు.

చీర తొట్టెలలో బిడ్డ ఒళ్లు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపి నిద్రపుచ్చినా, పడుకున్నాక చదునైన గట్టి పరుపు మీదికి మార్చండి. పక్కన దిండ్లు, బొంతలు వద్దు. ఈ మే ఎండల్లో కూడా బొంతలో చుట్టే ఇళ్లున్నాయి మన దగ్గర. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక బట్ట తీసేయండి.

రాగి జావ సంగతి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జావతో పొట్ట నిండిన పిల్ల పాలు తక్కువ తాగుతుంది, తాగడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. దాంట్లో తియ్యగా ఉంటుందని తేనె కలిపేవాళ్లూ ఉన్నారు. ఏడాది నిండేదాకా తేనె నాకించడమే ప్రమాదం.

జలుబు మందు నిద్రమందు కాదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు మందులు కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీదే రాయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. మన పిల్లకు నాలుగు నెలలు కూడా లేవు!

పగలు మేల్కొలిపి ఉంచితే రాత్రి పడుకోదు, అలసిపోయి ఇంకా ఏడుస్తుంది. పగలు వెలుతురులో, ఇంట్లో మాటల మధ్యే పడుకోనివ్వండి. రాత్రి లైటు తగ్గించి, ముచ్చట్లు పెట్టకుండా పాలిచ్చి మళ్లీ పడుకోబెట్టండి. అలవాటంటే అదే. పాలకు కూడా లేవకుండా మత్తుగా పడి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

ఎత్తుకుంటే చెడిపోతారన్నది ఈ వయసుకు వర్తించదు, ఏడిస్తే ఎత్తుకోండి. కాకపోతే ప్రతి మూలుగూ ఏడుపు కాదు. పసివాళ్ల నిద్రలో దాదాపు సగం కదులుతూ, మొహం చిట్లిస్తూ, మూలుగుతూనే సాగుతుంది. మొన్నటిదాకా ఆ మూలుక్కే నేను లేపేసేదాన్ని. నిన్న రాత్రి రెండింటికి కాళ్లు తన్నుతూ "ఊఁ ఊఁ" అంది. చెయ్యి చాపాను. "ఆగు బిడ్డా, పండుకునే ఉన్నది" అంది అత్తమ్మ చీకట్లోంచి. నిజమే, కళ్లు మూసే ఉన్నాయి. నాలుగింటికి లేచింది, ఆకలికి.