పాత ట్యూబ్ యాంప్‌ల మీద చెలామణీలో ఉన్న అయిదు మాటలు

గిటార్ వాద్యకారుల మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్న సందేశం ఒకటుంది. గిటార్ సిగ్నల్‌ను పెంచే వాక్యూమ్ ట్యూబులు సరి సంఖ్య హార్మోనిక్స్‌నూ (స్వరపు పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర దానితోపాటు మోగే ధ్వనులు హార్మోనిక్స్), ట్రాన్సిస్టర్లు బేసి సంఖ్య హార్మోనిక్స్‌నూ పుట్టిస్తాయి కనుక ట్యూబ్ యాంప్లిఫయర్ చెవికి ఇంపుగా ఉంటుందన్నది అందులో మొదటి మాట. ట్యూబ్ యాంప్‌లో ఒక వాటు ట్రాన్సిస్టర్ యాంప్‌లో మూడు వాట్లకు సమానమన్నది రెండోది. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా ట్యూబే అయితే తప్ప అసలైన మెత్తదనం రాదని మూడోది, పాత యాంప్‌ల వింత గుణాలన్నీ ట్యూబుల స్వభావమేనని నాలుగోది చెబుతాయి. ఇక అయిదోది ఆజ్ఞ లాంటిది: 1950లు, 60ల నాటి యాంప్‌లో ఒక్క భాగాన్నీ మార్చకూడదు, మారిస్తే ధ్వని పోతుంది. ఆ యాంప్‌ల ధ్వని గొప్పదన్న విషయంలో నాకు పేచీ ఏమీ లేదు. పేచీ అంతా దానికి చెబుతున్న కారణాలతోనే. పైగా అయిదో మాటను అక్షరాలా పాటిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మొదటి మాటకు ఆధారంగా తరచు చూపేది 1973లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రసెల్ హామ్ రాసిన వ్యాసం. ఆయన పోల్చి చూసినవి రికార్డింగ్ స్టూడియోల్లో వాడే మైక్రోఫోన్ ప్రీయాంప్లిఫయర్లు, అంటే బలహీనమైన సిగ్నల్‌ను మొదట పెంచే సాధనాలు. శక్తికి మించిన సిగ్నల్ అందినప్పుడు ట్రయోడ్ (మూడు ఎలెక్ట్రోడ్ల) ట్యూబుల్లో రెండో హార్మోనిక్, ట్రాన్సిస్టర్లలో మూడో హార్మోనిక్ ముందుకు వస్తాయన్నది ఆ వ్యాస సారం. మైక్రోఫోన్ ప్రీయాంప్ గురించి చెప్పిన మాటను గిటార్ యాంప్ మొత్తానికి అంటగట్టడంతో చిక్కు మొదలైంది.

ఒక ట్రయోడ్ ఒంటరిగా పనిచేసేటప్పుడు తరంగం పై సగం ఒక తీరుగా, కింది సగం మరో తీరుగా వంగుతాయి, ఆ అసమానతలోంచే రెండో హార్మోనిక్ పుడుతుంది. ఇంతవరకు సందేశం చెప్పినది నిజమే. ఒకే ఒక్క 6వీ6 పవర్ ట్యూబుతో (స్పీకర్‌ను నడిపే చివరి ట్యూబు) సుమారు 5 వాట్లు ఇచ్చే ఫెండర్ చాంప్ లాంటి చిన్న యాంప్‌లలో పవర్ దశ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. కానీ 1950ల చివరి నాటి 5ఎఫ్6-ఏ సర్క్యూట్ ఫెండర్ బాస్‌మన్, దాన్ని అనుసరించి 1962లో లండన్‌లో రూపొందిన మార్షల్ జేటీఎం45, నాలుగు ఈఎల్84 ట్యూబులతో నడిచే వాక్స్ ఏసీ30 వంటి పేరుమోసిన యాంప్‌లన్నీ పుష్-పుల్ పద్ధతివి. ఇందులో పవర్ ట్యూబులు జంటలుగా పనిచేస్తాయి. ఒకవైపు సిగ్నల్ ఉన్నదున్నట్టుగా, రెండోవైపు తలకిందులుగా అందుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండింటి తేడాను స్పీకర్‌కు పంపుతుంది. రెండు వైపులా ట్యూబులు సమానంగా ఉన్నంత వరకు, వాటిలో పుట్టిన సరి హార్మోనిక్స్ ఈ తీసివేతలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, బేసివి మిగులుతాయి. ముందున్న ప్రీయాంప్ ట్రయోడ్లు చేర్చిన సరి హార్మోనిక్స్ సాగివస్తూనే ఉంటాయి కాబట్టి అవి బొత్తిగా ఉండవని నేననడం లేదు. అయితే వాల్యూమ్ పూర్తిగా పెంచి పవర్ ట్యూబులను హద్దు దాటించినప్పుడు వచ్చే ఆ ప్రసిద్ధమైన గర్జనలో, సందేశం ఏ బేసి హార్మోనిక్స్‌ను దూషిస్తోందో వాటిదే పెద్ద వాటా.

బేసి హార్మోనిక్స్ కర్కశమైనవన్న ఊహ కూడా లెక్కకు నిలవదు. 110 హెర్ట్జ్‌ల 'ఏ' తీగను మీటామనుకుందాం. మూడో హార్మోనిక్ 330 హెర్ట్జ్‌లు. 110ని షడ్జమంగా తీసుకుంటే అది పై స్థాయి పంచమం. అయిదోది 550 హెర్ట్జ్‌లు, ఇంకో స్థాయి పైన అంతర గాంధారం. వీటిలో అపస్వరం ఎక్కడుంది? ఏడో హార్మోనిక్ దగ్గర నిజంగానే తేడా వస్తుంది. అది 770 హెర్ట్జ్‌ల దగ్గర పడుతుంది, గిటార్ మెట్ల మీద దానికి దగ్గరలో ఉన్న 'జీ' స్వరం 784. అయితే దీనికి సరిగ్గా ఒక స్థాయి పైన ఉండే పద్నాలుగో హార్మోనిక్ సరి సంఖ్యే, అదీ అంతే శ్రుతి తప్పి ఉంటుంది. చెవిని గుచ్చేవి వరుసలో బాగా పైనున్న హార్మోనిక్స్, అవి సరివా బేసివా అన్నది తర్వాతి సంగతి. క్లారినెట్ కింది స్థాయిలో బేసి హార్మోనిక్స్‌దే రాజ్యం, దాన్ని కర్కశమైన వాద్యమని ఎవరూ అనరు.

ఒక స్వరాన్ని విడిచి రెండు స్వరాలను కలిపి మీటితే సరి సంఖ్యల మహిమ మరింత పలచబడుతుంది. ఒక స్వరానికి దాని రెట్టింపును చేర్చే ఆ వంపే, రెండు స్వరాలు కలిసి వచ్చినప్పుడు వాటి మొత్తాన్నీ తేడానూ కొత్త ధ్వనులుగా పుట్టిస్తుంది. 110 హెర్ట్జ్‌ల 'ఏ'తో దాదాపు 165 హెర్ట్జ్‌ల 'ఈ'ని కలిపితే తేడా 55, అంటే 'ఏ'కు సరిగ్గా ఒక స్థాయి కింది స్వరం. డిస్టార్షన్‌తో పవర్ కార్డ్ (షడ్జమ పంచమాల జంట) అంత నిండుగా మోగడానికి ఇదొక ముఖ్య కారణం. అదే 'ఏ'తో 138.6 హెర్ట్జ్‌ల 'సీ షార్ప్'ను కలిపితే తేడా 28.6 వస్తుంది. రెండు స్థాయిల కింద ఉండవలసిన 'ఏ' 27.5 కనుక ఈ తేడా ఏ స్వరం మీదా కుదురుగా కూర్చోదు. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) ఎక్కువ చేసి మేజర్ కార్డ్ వాయించినప్పుడు అడుగున బురద కలిపినట్టు వినిపించేది ఇటువంటి తేడాల గుంపే. తీయదనానికి కారణమని చెప్పే వంపు, ఇక్కడ గందరగోళానికీ కారణమవుతోంది.

ట్రాన్సిస్టర్ బేసి హార్మోనిక్స్‌ను మాత్రమే ఇస్తుందన్నదీ అపోహే. రెండే రెండు ట్రాన్సిస్టర్లతో నడిచే ఫజ్ ఫేస్ అనే గిటార్ పెడల్ తరంగాన్ని పైనా కిందా వేర్వేరుగా కత్తిరిస్తుంది కనుక అందులో సరి హార్మోనిక్స్ పుష్కలంగా ఉంటాయి. ఏవి పుడతాయో తేల్చేది సర్క్యూట్ అమరిక. ఇక ఆ 'వెచ్చదనం' సంగతికి వస్తే, అందులో పెద్ద పాలు కాగితపు కోన్ ఉన్న గిటార్ స్పీకర్‌ది. దాదాపు 5,000 హెర్ట్జ్‌లు దాటాక దాని స్పందన నిట్టనిలువుగా పడిపోతుంది, గుచ్చుకునే పై హార్మోనిక్స్ గదిలోకి రాకుండా అక్కడే ఆగిపోతాయి. హద్దు దాటించిన ట్యూబ్ యాంప్ సిగ్నల్‌ను, స్పీకర్ బదులు భారం మోసే లోడ్ బాక్స్ ద్వారా తీసి, స్పీకర్ ప్రభావాన్ని అనుకరించే సాధనమేదీ మధ్యలో లేకుండా హెడ్‌ఫోన్‌లో వింటే, జోరీగ రొద లాంటిదే వినబడుతుంది. అప్పుడూ ట్యూబులు అవే.

వాట్ల లెక్కను తేల్చడం సులువు. వాటు అన్నది శక్తి ఖర్చయ్యే వేగానికి కొలత, అది ఎక్కడి నుంచి వచ్చిందో స్పీకర్‌కు పట్టదు. అయినా ఒకే అంకె రాసి ఉన్న రెండు యాంప్‌లను పక్కపక్కన పెట్టి వాయిస్తే ట్యూబ్ యాంప్ గట్టిగా వినిపించడం చాలామంది అనుభవం, దాన్ని భ్రమ అని కొట్టిపారేయను. యాంప్ మీద రాసే అంకె సాధారణంగా ధ్వని ఇంకా శుభ్రంగా ఉన్నప్పటిది. అదే ఎత్తున్న తరంగాన్ని చదునుగా కత్తిరించి చతురస్రంగా మారిస్తే అందులో శక్తి రెట్టింపవుతుంది. ఈ సూత్రం రెండింటికీ ఒక్కటే. కాకపోతే ట్యూబ్ యాంప్‌ను ఆ స్థితిలో వాయించడానికి ఇష్టపడతాం, ట్రాన్సిస్టర్ యాంప్ ఒక్కసారిగా కత్తిరించడం మొదలుపెట్టగానే వాల్యూమ్ తగ్గిస్తాం.

దీనికి తోడు స్పీకర్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) స్థిరంగా ఉండదు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ తన సహజ పౌనఃపున్యం దగ్గర అనేక రెట్ల ఇంపెడెన్స్ చూపుతుంది, హెచ్చు పౌనఃపున్యాల వైపు మళ్లీ పైకెక్కుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తలకిందులుగా వెనక్కి తిప్పి పంపడం) లేని ఏసీ30 లాంటి యాంప్‌కు తన సొంత అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి ఆ రెండు చోట్లా స్పీకర్‌కు ఎక్కువ వోల్టేజి అందుతుంది, అడుగున దమ్ము, పైన తళుకు పెరుగుతాయి. స్పీకర్‌లో ప్రవహించే కరెంటును ఫీడ్‌బ్యాక్‌గా తీసుకుంటే ట్రాన్సిస్టర్ యాంప్ కూడా ఇదే పని చేస్తుంది, అలా తయారైన యాంప్‌లు చాలానే ఉన్నాయి. అసలు స్పీకర్‌ను మార్చి చూస్తే ఈ చర్చ చాలావరకు అక్కరలేకుండా పోతుంది: ఒక వాటుకు 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ తీసి 100 ఇచ్చేది బిగించడమంటే యాంప్ శక్తిని రెట్టింపు చేసినంత పని.

రెక్టిఫయర్ సంగతి. గట్టిగా మీటినప్పుడు సరఫరా వోల్టేజి ఒక్క క్షణం కుంగి తిరిగి లేవడాన్ని సాగ్ అంటారు, వేళ్ల కింద మెత్తగా అనిపించేది అదే. 5వై3 రెక్టిఫయర్ నిండు కరెంటు దగ్గర సుమారు 50 నుంచి 60 వోల్టులు తనలోనే కోల్పోతుంది. జీజెడ్34 అంతకు దాదాపు రెట్టింపు కరెంటు వద్ద కూడా 20 వోల్టులకు మించి కోల్పోదు. రెండూ ట్యూబులే అయినా సాగ్ విషయంలో వాటి మధ్య ఇంత దూరం ఉంది. మరోవైపు చాంప్‌లో ఉన్నది 5వై3యే, కానీ దాని పవర్ ట్యూబు విశ్రాంతిలోనూ వాయింపులోనూ దాదాపు ఒకే సగటు కరెంటు తీసుకుంటుంది కనుక రెక్టిఫయర్ కుంగడానికి పెద్దగా అవకాశమే ఉండదు. 1960ల రెండో భాగంలో సిలికాన్ డయోడ్లకు మారిన మార్షల్ యాంప్‌లను మెత్తదనం లేనివని ఎవరూ పక్కన పెట్టలేదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిరోధం, సరఫరా వోల్టేజిని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్ల పరిమాణం కూడా సాగ్‌ను నిర్ణయిస్తాయి. ఈ సందేశం చదివి సాకెట్ ఒకటే కదా అని ఒక రెక్టిఫయర్ బదులు ఇంకొకటి గుచ్చేవారున్నారు. 5వై3 ఫిలమెంట్‌కు (ట్యూబును వేడి చేసే తీగ) 2 ఆంపియర్లు చాలు, 5యూ4కు 3 కావాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ భారం మోయలేక వేడెక్కుతుంది. 5వై3 చోట జీజెడ్34 పెడితే మిగతా ట్యూబుల మీద వోల్టేజి పెరుగుతుంది.

వింత గుణాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫెండర్ 5ఈ3 డీలక్స్‌లో, వాడని చానెల్ వాల్యూమ్ తిప్పితే వాడుతున్న చానెల్ ధ్వని మారుతుంది, బాగా పెంచితే దాని బలం తగ్గుతుంది. రెండు వాల్యూమ్ కంట్రోళ్లూ తర్వాతి దశకు ముందు ఒకే చోట కలిసి, ఒకదానికొకటి భారమయ్యేలా తీగలు కలపడమే అందుకు కారణం. 1960ల నాటి ఏబీ763 సర్క్యూట్ ఫెండర్లలో ఒకే గిటార్‌ను రెండు చానెళ్లకూ కలిపితే ధ్వని నిండడానికి బదులు పలచబడుతుంది. రెండో చానెల్‌లో ఒక దశ అదనంగా ఉండడం వల్ల సిగ్నల్ అక్కడ తలకిందులై వస్తుంది మరి. ఆ యాంప్‌లలోనే ట్రెమొలో (ధ్వనిని లయగా హెచ్చించి తగ్గించే సదుపాయం) వేసినప్పుడు వినిపించే టిక్ టిక్ శబ్దం, ఆ హెచ్చుతగ్గులను నడిపే నియాన్ దీపం వెలిగి ఆరే కుదుపు పక్క తీగల్లోకి చొరబడడం వల్ల వచ్చేది. ఈ మూడు చోట్లా ట్యూబులన్నీ మార్చినా గుణం మారదు.

మిగిలింది అయిదో మాట. పాత యాంప్‌లో ఎలెక్ట్రోలైటిక్ ఫిల్టర్ కెపాసిటర్లు లోపలి ద్రవం ఎండిపోయి క్రమంగా చచ్చిపోతాయి, వాటికి అరవై ఏళ్ల ఆయుష్షు ఎవరూ రాసివ్వలేదు. వోల్టేజిని చదును చేసే శక్తి తగ్గేసరికి, 50 హెర్ట్జ్‌ల విద్యుత్ సరఫరా మీద నడిచే యాంప్‌లో 100 హెర్ట్జ్‌ల అల సిగ్నల్‌తో కలుస్తుంది. అప్పుడు 440 హెర్ట్జ్‌ల స్వరం గట్టిగా వాయిస్తే దాని వెంట 340, 540 కూడా సన్నగా మోగుతాయి. ఏ స్వరం వాయించినా తేడా అదే 100 కాబట్టి ఈ తోడు స్వరాలు శ్రుతిలో ఉండవు, పాటతో కలిసి నడవవు. దీన్ని పాతకాలపు కమ్మదనంగా ఆస్వాదించేవారిని చూస్తే నాకు ఆశ్చర్యమే. ఈ యాంప్ కొత్తగా ఉన్నప్పుడు ఇలా మోగలేదు. కెపాసిటర్లు మార్చకపోతే ధ్వని నిలుస్తుందనుకోవడం తలకిందులైన తర్కం, మార్చకపోవడం వల్లనే అది అసలు ధ్వనికి దూరమైంది.

దశకూ దశకూ మధ్య ఉండే కప్లింగ్ కెపాసిటర్ కారడం, అంటే ఆపవలసిన డీసీ వోల్టేజిని లీక్ చేయడం, ఇంకా చెడ్డది. కొద్ది వోల్టులు పవర్ ట్యూబు గ్రిడ్ (కరెంటును అదుపు చేసే జాలి) మీదికి చేరినా బయాస్ (విశ్రాంతి కరెంటును నిర్ణయించే వోల్టేజి) తప్పి, ట్యూబు లోపలి పలక ఎర్రగా కాలి, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. అసలైన ధ్వనికి నిజంగా అవసరమైన భాగాన్ని, పది నిమిషాల్లో మార్చగల భాగం కోసం బలి ఇచ్చినట్టవుతుంది. కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు కాలం గడిచేకొద్దీ విలువ పెరిగి బుసబుస శబ్దం చేస్తాయి. శబ్దం చేయనివాటిని ముట్టుకోనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్, కారని కప్లింగ్ కెపాసిటర్లు ఉన్నచోటే ఉండనివ్వాలి, తీసిన భాగాలను సంచిలో వేసి యాంప్‌తోనే దాచిపెట్టాలి. ఈ పని తెలిసినవారి చేతికే ఇవ్వాలి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు మించి నిలిచి ఉండవచ్చు.

ఇక ఏ వాదానికీ తావివ్వకుండా మార్చవలసింది కరెంటు తీగ. ఆ కాలపు అమెరికన్ యాంప్‌లలో చాలావాటికి ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు, మెయిన్స్ తీగకూ ఛాసిస్‌కూ (యాంప్ లోహపు చట్రం) మధ్య హమ్ అనే రొదను తగ్గించడానికి ఒక కెపాసిటర్ ఉంటాయి. రిపేరు చేసేవారు దానికి డెత్ క్యాప్ అని పేరు పెట్టారు. అది లోపల షార్టయితే ఛాసిస్‌కూ, కేబుల్ గుండా గిటార్ తీగలకూ మెయిన్స్ వోల్టేజి మొత్తం చేరుతుంది. తీగల మీద చేయి ఉన్న మనిషి పెదవులు ఎర్త్ అయిన మైకుకు తగిలితే ఆ వోల్టేజి అతని ఒంటి గుండా పోతుంది. ఈ కెపాసిటర్‌ను తీసివేసి, మూడు తీగల కార్డు వేయించి, ఎర్త్ తీగను ఛాసిస్‌కు గట్టిగా బిగించాలి. గిటార్ సిగ్నల్ నడిచే దారిలో ఆ కెపాసిటర్ ఎక్కడా లేదు కనుక, తీసేసినందువల్ల ధ్వనిలో పోయేదేమీ ఉండదు.