తెల్లబట్ట అవుతోందని గర్భసంచి తీయించుకోకండి

మొన్న ఒకే రోజు ఒకే మెసేజ్ నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో, మా ఊరి గ్రూపులో, ఆఖరికి మా చిన్నమ్మ దగ్గర్నుంచి కూడా. అందులో ఉన్నది ఇది: తెల్లబట్ట గర్భసంచి మూతి (సర్వైకల్) క్యాన్సర్‌కి మొదటి గుర్తు, పిల్లలు పుట్టి ఆపరేషన్ అయిపోయాక గర్భసంచితో పని లేదు కాబట్టి తీయించేసుకుంటే ఇక భయం ఉండదు, పద్ధతిగా ఒకే భర్తతో ఉన్నవాళ్ళకి ఈ క్యాన్సర్ రాదు, ఏ బాధా లేకుండా టెస్టులకి వెళ్తే లేనిపోని జబ్బులు అంటగడతారు. కింద 'పది మంది అక్కచెల్లెళ్ళకి పంపండి' అని రాసుంది. నిజంగానే పంపుతున్నారు, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు తెల్లబట్ట. నెలసరి వచ్చే వయసులో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఎంతో కొంత అవుతుంది. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా, మామూలు కంటే ఎక్కువ అవుతుంది, కడుపుతో ఉన్నప్పుడూ అంతే. దుర్వాసన, దురద, మంట లేకపోతే అది సాధారణంగా జబ్బే కాదు. విరిగిన పాలలా ముద్దలుగా వచ్చి దురద పెడుతుంటే ఫంగస్ అయ్యుండొచ్చు, అది మాటిమాటికీ వస్తుంటే ఒకసారి షుగర్ చూపించుకోవాలి. బూడిద రంగులో పల్చగా చేపల వాసనతో ఉంటే లోపల ఉండే బ్యాక్టీరియాలో తేడా వచ్చి ఉండొచ్చు. ఆకుపచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్ అనే ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే తిరిగొస్తుంది. ఇవన్నీ మందులతో తగ్గేవే. క్యాన్సర్ అనుమానం రావాల్సింది వేరే వాటికి: భార్యాభర్తలు కలిశాక రక్తం కనబడటం, రెండు నెలసరుల మధ్య రక్తం, ముట్లు ఆగిపోయిన ఏడాది దాటాక మళ్ళీ మరక కనబడటం, రక్తం కలిసి నీళ్ళలా దుర్వాసనతో కారడం. ఇవి ఉంటే వచ్చే నెల చూద్దాంలే అనుకోకుండా ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

రెండో మాట, గర్భసంచి తీయించేసుకోమన్నది, నాకు ఎక్కువ కోపం తెప్పించింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 100కి సుమారు 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మన దగ్గరే ఎందుకింత? కారణాలు చాలా ఉన్నాయి కానీ, 'తీయకపోతే క్యాన్సర్ అవుతుంది' అన్న ఒక్క మాట పెట్టే భయం చిన్నది కాదు. మా పెద్దమ్మ కూతురికి 33 ఏళ్ళప్పుడు ఒక టౌన్లో ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ చేసి 'గర్భసంచి మూతికి పుండు ఉంది, రేపు క్యాన్సర్ అవుతుంది' అన్నారు. మూతి దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ టెస్టు లేదు, ముక్క తీసి పరీక్షకి పంపింది లేదు. వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించారు. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారని డిశ్చార్జ్ కాగితం చదివితే తెలిసింది! అప్పట్నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర లేదు, ఇప్పుడు 41 ఏళ్ళకే ఎముకలు బలహీనపడ్డాయని మందులు వాడుతోంది. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే అలాగే అవుతుంది, గుండె జబ్బు ముప్పు కూడా పెరుగుతుంది. వాటిని ఉంచేసినా ముట్లు ఆగే దశ ముందే రావచ్చు.

ఆ 'పుండు' అన్నది చాలాసార్లు పుండే కాదు. గర్భసంచి మూతి లోపలి పొర కొంచెం బయటికి రావడం వల్ల ఎర్రగా కనబడుతుంది, వయసులో ఉన్నవాళ్ళలో అది మామూలే. ఒకవేళ టెస్టులో నిజంగా క్యాన్సర్‌కి ముందరి మార్పులు కనబడినా, ఆ చోటు వరకు చలితోనో వేడితోనో కాల్చేసే పద్ధతులు, కరెంటు తీగతో ఆ పొర మాత్రం తీసే లీప్ అనే పద్ధతి ఉన్నాయి, చాలామందికి గర్భసంచి ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. ఇంకో ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. ముందు టెస్టు చేయకుండా మామూలుగా గర్భసంచి తీసేస్తే, లోపల అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళకి అది సగం ఆపరేషన్ అవుతుంది, క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ వేరే, ఆ తర్వాత రేడియేషన్ పెట్టి వైద్యం మొత్తం చిక్కులో పడుతుంది. కొందరికి పైభాగం తీసి మూతి వదిలేస్తారు, అలాంటప్పుడు మూతికి వచ్చే క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటుంది. గడ్డలకో ఆగని రక్తస్రావానికో తీయాల్సి వస్తే అది వేరే సంగతి, అప్పుడు కూడా ముందు టెస్టు చేశారా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి, ఇంకో డాక్టర్‌కి చూపించండి.

ఒకే భర్త ఉంటే రాదన్న మాట తప్పు, పైగా జబ్బు వచ్చినామెని నిందించే మాట. ఈ క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్, లైంగికంగా ఒకరి నుంచి ఒకరికి వచ్చేది. లైంగిక జీవితం మొదలైనవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది, కొందరిలో పోకుండా ఉండిపోయి సాధారణంగా 15, 20 ఏళ్ళకి క్యాన్సర్ అవుతుంది. భర్త ఒక్కడైనా ఆయన నుంచి రావచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఎవరూ తేల్చలేరు.

ఇక టెస్టులు. అన్నేళ్ళ వ్యవధి ఉంది కాబట్టే ఏ బాధా లేనప్పుడు చేయించుకోమంటారు. బాధ మొదలయ్యేసరికి చాలాసార్లు ఆలస్యమవుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి ఈ జబ్బు వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు, అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా టెస్టు చేయించుకున్నవాళ్ళు 100కి ఇద్దరు కూడా లేరు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి ఒక అధ్యయనం చేశారు. శిక్షణ ఇచ్చిన పదో తరగతి చదువు ఆడవాళ్ళు, రెండేళ్ళకోసారి, గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి ద్రావణం దూదితో అద్ది చూసే పరీక్ష చేశారు, అంతే. 2013లో ఫలితాలు చెప్పారు, పరీక్ష చేయని వాళ్ళతో పోలిస్తే చేసిన వైపు ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తక్కువ. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకి ఐదేళ్ళకోసారి చేయమన్నది ఇదే పరీక్ష, మీ ఏఎన్‌ఎంనో ఆశానో అడగండి. పాప్ స్మియర్ అయితే చిన్న బ్రష్‌తో కణాలు తీస్తారు, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ టెస్టు నార్మల్ వస్తే మళ్ళీ ఐదేళ్ళ వరకు అక్కర్లేదు. తేడా వచ్చినా అది క్యాన్సర్ అని కాదు, దగ్గర్నుంచి మళ్ళీ చూడాలని అర్థం. 'పొట్ట స్కానింగ్ తీశారు, అంతా బాగుందన్నారు' అంటారు చాలామంది. మూతి మీద మొదట వచ్చే ఈ మార్పులు ఆ స్కానింగ్‌లో కనబడవు.

మా చిన్నమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడకి 55, ముట్లు ఆగి నాలుగేళ్ళు, ఇంతవరకు ఒక్కసారీ టెస్టు చేయించుకోలేదు. లేడీ డాక్టర్ ఉంటేనే వస్తానంది. ఏ రోజు ఉంటారో కనుక్కున్నాను, గురువారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.