మహారాజశ్రీ విండ్‌స్క్రీన్ గారికి

మహారాజశ్రీ విండ్‌స్క్రీన్ గారి దివ్య సముఖానికి, తమరి వెనకాల ఒదిగి కూర్చునే రైడరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా రెండు చెవులు తప్ప అందరం క్షేమం. తమరు బండి ముక్కు మీద నాలుగు బోల్టుల సాక్షిగా క్షేమంగానే ఉంటారని తెలుసు. తమరికేం, చెవులు లేవుగా.

తమరు వచ్చిన డబ్బా మీద ఒక బొమ్మ ఉంది. గాలి తాలూకు నీలం గీతలు తమరి ఒంటి మీదుగా పైకి ఎగబాకి, రైడరు హెల్మెట్‌కి జానెడు ఎత్తున నున్నగా వెళ్లిపోతుంటాయి. ఆ గీతలు గీసిన మహానుభావుడు జీవితంలో బండెక్కలేదని నా అనుమానం. ఎక్కినా హయత్‌నగర్ దాటి ఉండడు.

ఎందుకంటే హయత్‌నగర్ దాకా తమరంత సాధువు ఇంకొకరు లేరు. సిటీ ట్రాఫిక్‌లో గాలి లేదు, గొడవా లేదు. తమరి మీద పడేదల్లా ముందు ఆటో పొగ, మా అపార్ట్‌మెంటు పావురాల ఆశీస్సులు. చౌటుప్పల్ దాటి రోడ్డు ఖాళీ అయి, ముల్లు అరవై దాటాక మొదలవుతుంది పూనకం. డెబ్బై అయిదు దగ్గర ఎవరో హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నట్టే ఉంటుంది. నార్కట్‌పల్లిలో టీకి ఆగితే టీకొట్టతను చక్కెర ఎంత అన్నాడో వినపడదు. విజయవాడ చేరాక అత్తగారు ఏదో అడిగారు. వినపడక, మర్యాదకి తలూపాను. పండగ అయ్యేదాకా ఉంటామని మాటిచ్చానని రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. ఈ లెక్క తమరి ఖాతాలోనే రాస్తున్నాను.

అసలు తమరి తత్వమేమిటో చెప్పమంటారా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. తమరు లేని బండి మీద గాలి గుండెల మీద కొడుతుంది, చేతులు లాగుతాయి, నిజమే. కానీ హెల్మెట్‌కి తగిలే గాలి ఏకధాటిగా తగులుతుంది. తమరు ఉంటే ఆ గాలి నేరుగా రాదు. తమరి పై అంచు దగ్గర తెగి, సుడులు తిరిగి, పచ్చడైపోయి, ఆ పచ్చడంతా సరిగ్గా నా చెవి ఎత్తున దిగుతుంది. నమ్మనివాళ్లు ఖాళీ రోడ్డు మీద ఫుట్‌రెస్టుల మీద జాగ్రత్తగా లేచి నిలబడి చూడొచ్చు. వేగం అదే, గాలి అదే, మోత మాత్రం టక్కున తగ్గుతుంది. కూర్చోగానే మళ్లీ కచేరీ. అంటే ఇది గాలి చేసే మోత కాదు, తమరి చేతివంట.

దీనికి శాస్త్రం కూడా ఉంది. తీగలు గాలికి ఎందుకు పాడతాయో 1878లోనే చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహల్ కొలిచి చెప్పాడు. గాలి వేగాన్ని అడ్డున్న వస్తువు వెడల్పుతో భాగించి 0.2తో గుణిస్తే, సెకనుకి ఎన్నిసార్లు సుడి విడిపోతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. గంటకి 72 కిలోమీటర్లంటే సెకనుకి 20 మీటర్లు. హ్యాండిల్ మీది సైడు అద్దాన్ని మోసే సెంటీమీటరు మందం కాడకి లెక్కేస్తే సెకనుకి 400 సుడులు వస్తాయి, అది ఈల. ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పున్న తమరి దగ్గర వేస్తే 13. మనిషి చెవికి వినపడే కింది హద్దు సెకనుకి 20. అందుకే తమరి సంగీతం చెవికన్నా ముందు మెడకి తెలుస్తుంది.

తమరి వంశంలో పెద్దవాళ్లున్నారు, కాదనను. ఇటలీలో మోటో గుజ్జి వాళ్లు 1950ల్లోనే ఫ్యాక్టరీలో గాలి ఊది పరీక్షించే సొంత విండ్ టన్నెల్ పెట్టుకుని ఫెయిరింగులు, అంటే బండికి తొడిగే గాలి కవచాలు, చెక్కుకున్నారు. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ ఫెయిరింగుని పినిన్‌ఫరీనా టన్నెల్‌లో పెట్టి ఊది ఊది తీర్చిదిద్దారు. తమరి వంశంలో వెలి పడినవాళ్లూ ఉన్నారు. ముందు చక్రాన్ని కూడా కప్పేసే ‘డస్ట్‌బిన్’ ఫెయిరింగులు పక్కగాలికి బండిని తోసేస్తున్నాయని 1957 సీజన్ తర్వాత రేసుల్లోంచి గెంటేశారు. మరి తమరిని ఏ టన్నెల్‌లో పెట్టి చూశారు? ఆకారం చూస్తే స్టాండు వేసిన బండికి నప్పేటట్టు మలిచారని తెలుస్తూనే ఉంది. షోరూములో గాలి వీచదు కదా.

సరే, తమరు మారరు కాబట్టి మిమ్మల్ని మార్చే పని నేనే పెట్టుకున్నాను. ముందు రోగనిర్ధారణ. మా ఆవిడ అల్లిక డబ్బాలోంచి ఎర్ర ఊలు దారం తీసుకుని, వేలెడేసి ముక్కలు కత్తిరించి, తమరి ముఖానికీ వీపుకీ వరసగా టేపుతో అంటించాను. మా తోడల్లుడు పక్క బండి మీద వస్తుంటే వెనక కూర్చున్న వాళ్లబ్బాయి ఫోన్‌లో వీడియో తీశాడు. ఇంటికొచ్చి ఆపి ఆపి చూశాం. తమరి ముఖం మీద దారాలన్నీ బుద్ధిగా పైకి పడుకుని ఉన్నాయి. పై అంచు దగ్గరివి పిచ్చిపట్టి గిరగిరా తిరుగుతున్నాయి. వీపు మీదివి చూడాలి! బండి ముందుకి పోతుంటే దారాల కొసలు కూడా ముందుకే చూపిస్తున్నాయి. అంటే తమరి వెనకాల గాలి వెనక్కి మళ్లి, నా ఛాతీ దగ్గర్నుంచి తమరి వైపుకే పరిగెడుతోంది. తమరి వెనక ఒత్తిడి తగ్గి, ఆ ఖాళీ నింపడానికి చుట్టూ ఉన్న గాలంతా తోసుకుంటూ వస్తోందన్నమాట. ఉచిత బస్సు వచ్చినప్పుడు స్టాపులో కూడా ఇంత తోపులాట ఉండదు.

తర్వాత వైద్యం. తమరిని ఇంకా పొడుగు చేస్తే సరిపోతుందని మా కాలనీలో ప్రతివాడూ సలహా ఇచ్చాడు. అందరూ అనుకునేది అదే. అట్టముక్క కత్తిరించి బ్రౌన్ టేపుతో తమరి నెత్తిన కిరీటంలా పెట్టి కాలనీ రోడ్డు మీద చూస్తే సుడి పైకి జరిగింది, చెవి దగ్గర్నుంచి నడినెత్తికి వచ్చింది. దాన్ని కూడా దాటేంత ఎత్తు పెడితే తమరిలోంచే రోడ్డు చూడాలి. వానపడ్డ రాత్రి, ఎదురుగా లారీ లైట్లు, గీతలు పడ్డ ప్లాస్టిక్కు! వద్దు మహాప్రభో. తమరి అంచు నా చూపుకి రెండంగుళాలు కిందే ఉండాలి, నేను తమరి మీదుగా రోడ్డు చూడాలి. ఇందులో బేరాల్లేవు.

తమరికి అసలు మందు వేసింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్. నా దారాల వీడియో చూసి, తమరి నాలుగు బోల్టుల వంక చూసి, “గాలికి కింద సందివ్వండి బాబూ, దానికెందుకూ అడ్డం?” అన్నాడు. పొడుగు బోల్టులు తెప్పించి, తమరికీ బ్రాకెట్టుకీ మధ్య ఎడం పెంచే అంగుళం పొడవు స్పేసర్లు వేశాడు. తమరు ముందుకి జరిగారు, అడుగున సందు తెరుచుకుంది. ఆ సందులోంచి కొంత గాలి తమరి వీపు వెనక్కి వచ్చి ఖాళీ నింపింది. తోపులాట సగం చల్లబడింది. గాలి ఆపడానికి డబ్బు పోసి కొన్న తమరు, గాలిని రానిస్తేనే పనికొచ్చారు! ఈ అవమానం తమరికి ఎలా ఉందో తెలియదుగానీ, నాకు మాత్రం ఎంతో తృప్తిగా ఉంది.

మిగతా సగానికి పాత హెల్మెట్ వైజరు, అదే మొహం ముందు దించుకునే పారదర్శకపు ముక్క. ఇది నా సొంత తెలివి, గొప్ప చెప్పుకుంటాను. వైజరు పాలికార్బొనేట్ ప్లాస్టిక్కే, పైగా పుట్టుకతోనే వంపు ఉంది, వేడి చేసి వంచే బాధ లేదు. మా వీధి రేడియం షాపాయనకి ఇస్తే చుట్టూ కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, కారు తలుపు బీడింగు తొడిగాడు. హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు వచ్చాక ఆయనకి ప్లేట్ల పని తగ్గిపోయింది, చాలా ఆప్యాయంగా చేశాడు. దాన్ని తమరి అంచుకి అతికించలేదు. రెండు వేళ్ల సందు వదిలి, కొంచెం వెనక్కి వాల్చి, చిన్న బ్రాకెట్ల మీద నిలబెట్టాం. సందులోంచి దూసుకొచ్చే గాలి అంచు దగ్గర సుడిని సాగదీసి పైకి పంపిస్తుంది. ఇప్పుడు దారాలు తిరగడం మానలేదుగానీ, తిరిగేది నా తలకి పైన.

తమరి తోటివారి కోసం రెండు ముక్కలు చెబుతాను, వాళ్లకీ వినపడదనుకోండి. యాక్రిలిక్ ప్లాస్టిక్ చవగ్గా దొరుకుతుంది, అద్దంలా మెరుస్తుంది, కిందపడితే మాత్రం కత్తుల్లా పగులుతుంది. మెడ ముందు పెట్టుకునే వస్తువు కాదది. పాలికార్బొనేట్ దెబ్బకి ఓర్చుకుంటుంది, కానీ పెట్రోలు గుడ్డతో తుడిస్తే సాలెగూడులా బీటలు వారుతుంది. బోల్టు వదులవకుండా వేసే లాకింగ్ ద్రవం కారినా అంతే. పెట్రోలు గుడ్డతో తుడవనిదే మా మెకానిక్ కుర్రాళ్లకి పని అయినట్టుండదు, కాబట్టి బండి ఇచ్చేటప్పుడే సబ్బునీళ్ల సంగతి చెప్పుకోవాలి. జిప్ టైలు, బైండర్ క్లిప్పులూ కాలనీలో చూసుకోవడానికే. హైవే మీద ఊడితే వెనక వచ్చేవాడి మొహాన పడుతుంది. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, దేనికీ తగలట్లేదని చూసుకోకుండా బండి తియ్యకూడదు.

ఇంత చేశాక కూడా మోత పోలేదు, తగ్గింది. తమరిని ఎంత తిట్టినా హెల్మెట్ గడ్డం కింద దూరే గాలి తమరి పరిధిలో లేదు. ఎనభై దగ్గర మామూలు హెల్మెట్లో చెవి పక్కన మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. రోజుకి ఎనిమిది గంటలకి 85 హద్దని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగమైపోతుంది. 94 దగ్గర ఒక్క గంటే. విజయవాడకి గంటలో వెళ్లేది విమానంలోనే. అందుకని మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్ ప్లగ్గులు కొన్నాను. తమరి ఖరీదులో వాటిది ఎన్నో వంతో చెబితే తమరు సిగ్గుతో పగిలిపోతారు. అవి పెట్టుకుంటే హారన్లు కూడా వినపడతాయి, ఇంకా స్పష్టంగా. గాలిమోత శక్తి వేగంతో ఆరో ఘాతంలో పెరుగుతుంది కనక, ఎనభై నుంచి డెబ్బైకి దిగితే సగానికి పైగా పోతుంది. మన దేశంలో బండికి హైవే హద్దు ఎలాగూ ఎనభయ్యే. ఈ వైద్యానికి కావలసింది కుడి మణికట్టు ఒక్కటే, స్పేసర్లు కూడా అక్కర్లేదు. కానీ అది మా తోడల్లుడికి నచ్చదు.

తమరి మీద కోపం తీరిపోయిందని మాత్రం అనుకోకండి. నందిగామ దాటాక సాయంత్రం పూట పురుగులన్నీ తమరి మీదే రాలతాయి, నా నోట్లో పడవు. అందుకే ఇంకా ఉంచాను.

ఇట్లు,
తమరి వెనకసీటులో కాక, తమరి వెనకే చిక్కిన
రైడరు

తా.క.: మార్పులు చేస్తే వారంటీ చెల్లదని బండి పుస్తకంలో రాశారు. అందుకని సర్వీసింగ్‌కి ఇచ్చే రోజు వైజరు ముక్క విప్పి వంటింట్లో దాస్తాను. మొన్న మా ఆవిడ దాన్ని పూరీల మూకుడు వెనక, గోడకి నూనె చిందకుండా నిలబెట్టింది. ఒక్క చుక్క దాటలేదు. పెద్దది ఖాళీ ఉంటే దానికీ ఉద్యోగం ఉందని మీకు రాయమంది.