జెన్నే మట్టిలోనే ఉండాలంటే ఊక ఖర్చు ఎవరిది?

పశ్చిమ ఆఫ్రికా దేశం మాలీలోని మట్టి గోడల ఊరు జెన్నే ఫొటో కనబడగానే "అబ్బ, ఎంత అందమో" అంటాం. ఎవరో ఒకరు సిమెంటు పూసుకుంటే "ఊరిని పాడుచేస్తున్నారు" అని తిడతాం. ఆ తిట్టు చాలా అన్యాయం. 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ఊళ్ళో గోడ నిలవాలంటే ఏటా చేయాల్సిన పనేమిటో తెలిస్తే అలా అనం.

బానీ నది వరద మైదానం నుంచి మట్టి తెచ్చి గుంటలో పోస్తారు. నీళ్ళు పట్టించి, ఊక కలిపి, కాళ్ళతో తొక్కి, వారాల తరబడి మురగనిస్తారు. ఊక కుళ్ళితేనే అడుసుకు జిగి వస్తుంది. మురగని అడుసు మెత్తితే ఎండకు బీటలిస్తుంది, ఆ బీటల్లోంచే వాన దిగుతుంది. మెత్తడమంతా చేత్తోనే. ఊళ్ళోని, మట్టితోనే కట్టిన పెద్ద మసీదు గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన తాటి దూలాలే (మన తాటికి దగ్గరి చుట్టం ఆ చెట్టు) మేస్త్రీలు ఎక్కి నిలబడే పరంజా. డాబా నీళ్ళు పోయే మట్టి తూము పూడుకుందంటే, పూత ఎంత బాగున్నా గోడ లోపల్నించి నానుతుంది.

పూత మీద పూత వేసుకుంటూ పోయినా ముప్పే, బరువు పెరిగిపోతుంది. అప్పుడప్పుడు పాత పొరలు గీకెయ్యాలి. 2009లో పెద్ద వానకు మసీదు దక్షిణపు బురుజు పైభాగం కూలింది. మసీదు పూతకు ఊరంతా కదులుతుంది. మామూలు ఇంటికి ఎవరు వస్తారు? మట్టి, ఊక, నీళ్ళు, కూలి, అన్నీ ఆ ఇంటాయనే పెట్టుకోవాలి. 2012 నుంచి దేశంలో సాగుతున్న సాయుధ పోరాటాలతో పర్యాటకులు రావడం మానేశారు, ఆ రాబడీ పోయింది.

అందుకే కొందరు గోడకు కాల్చిన పెంకులు అంటిస్తున్నారు. నా ఉద్దేశంలో అది పొరపాటే. అతుకుల్లోంచి దిగిన నీరు ఆరే దారి లేక లోపలి మట్టి మెత్తబడుతుంది. పైకి ఏమీ కనబడదు. తీరా పెంకు ఊడినప్పుడు గోడ పెళ్ళలు కూడా దాంతోనే రాలతాయి. కానీ ఏటేటా పూతకు డబ్బు లేనివాడికి పెంకులు వద్దని చెప్పే హక్కు మనకెక్కడిది?

2016లో జెన్నేను ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టారు. ఆ పేరుతో వచ్చే సాయం నేరుగా ఊకకు, "బారే తోన్" అనే మేస్త్రీల సంఘం కూలికి చేరాలి. అదీ ఎండాకాలం మొదట్లోనే. అడుసు మురగాలి, పూత ఎండాలి. తొలకరి పడ్డాక వచ్చిన డబ్బుతో ఆ ఏడు ఏ గోడనూ కాపాడలేరు.